చేతుల లెక్క: పాచికల ఆటలో యోధుల ఆయుధాలకు తూకం కుదిర్చిన డైరీ

ఆటకు ఇంకా పేరు పెట్టలేదు. ఫైళ్ల మీద మాత్రం "బురుజు" అని రాసుకుంటున్నాం. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుని, తలా ఒక పాత్ర పట్టుకుని ఆడే ఆట ఇది. రాజ్యం కల్పితమే కానీ అందులోని కోటవాకిళ్లు, తోటలు, ఇరుకు మెట్లు విజయనగరం, బొబ్బిలి మనసులో పెట్టుకుని గీసినవి. మంత్రగాళ్లు, వైద్యులు, దొంగల నియమాలు వేరే పుస్తకంలో ఉన్నాయి. ఈ డైరీ యోధుల ఆయుధాల గురించి మాత్రమే: ఎవరి చేతిలో ఏముంది, దాన్ని తీయడానికి, తిప్పడానికి, వదలడానికి ఎంత పడుతుంది, ఏ ఆయుధమూ మిగతావాటిని మింగేయకుండా ఎలా చూడాలి.

పాచికల సంగతి ముందే తేల్చేశాం. ఎనిమిది, పన్నెండు, ఇరవై ముఖాల పాచికలు తెప్పించుకోవాలంటే ఆన్‌లైనే దిక్కు. ఆరు ముఖాల పాచిక గంటస్తంభం దగ్గర ఏ ఫ్యాన్సీ షాపులో అడిగినా దొరుకుతుంది. ఆట మన ఊళ్లలో ఆడాలంటే దానితోనే నడవాలి. అందుకని వేటు తగిలిందో లేదో రెండు పాచికల మొత్తంతో తేలుస్తాం. ఎదుటివాడి "అడ్డు" అంకెను అందుకుంటే తగిలినట్టు. నేర్పు సమానంగా ఉన్న ఇద్దరి మధ్య అడ్డు 7.

రెండు పాచికలకు 36 జతలు. 7గానీ ఆపైనగానీ పడే జతలు 21, 8కి 15, 9కి 10, 10కి 6, 11కి 3, 12కి ఒక్కటి. ఈ ఆరు అంకెలు గోడకు అతికించుకుని పనిచేయాలి. ఈ ఆటలో తూకం అంతా వాటి మీదే ఉంది. ఒక్క అంకె జరిగితే ఎంత తేడా వస్తుందో చూడండి: 7 నుంచి 8కి వెళ్తే తగిలే వేట్లలో ఏడింట రెండు వంతులు పోతాయి. 9 నుంచి 10కి వెళ్తే అయిదింట రెండు వంతులు పోతాయి. ఇరవై ముఖాల పాచికకు అలవాటుపడ్డవాళ్లు "ఒకటే కదా, ఏముంది" అని కలిపేస్తారు. ఇక్కడ ఒకటంటే చాలా ఎక్కువ.

మొదటి కూర్పు: గొడ్డలి రాజ్యం

వంతుకు ఒక్క వేటు. ప్రాణం 20. బాకు దెబ్బ ఒక పాచిక, సగటు 3.5. కత్తికి పాచికకు ఒకటి కలుపుతాం, సగటు 4.5. రెండు చేతుల గండ్రగొడ్డలికి రెండు పాచికలు, సగటు 7. డాలు పట్టినవాడి అడ్డుకు ఒకటి కలుస్తుంది.

కాగితం మీద బాగానే ఉంది. బల్ల మీద పెట్టగానే అందరూ గొడ్డలే అందుకున్నారు. లెక్క తీస్తే కారణం తెలిసింది. కత్తీ డాలూ ఉన్నవాడు వంతుకు సగటున 4.5 × 21/36, అంటే 2.63 ప్రాణం తీస్తాడు. గొడ్డలివాడు 7 × 15/36, అంటే 2.92 తీస్తాడు. ఆ లెక్కన కత్తివాడు 6.9 వంతుల్లో నేలకూలతాడు, గొడ్డలివాడు 7.6 వంతులు నిలుస్తాడు. (ఇవి సగటులు. ఒక్కో పోరులో అదృష్టం అటో ఇటో ఊగుతుంది. కానీ పదిసార్లు ఆడితే ఏ ఆయుధం ఎక్కువ గెలుస్తుందో చెప్పడానికి ఇవి చాలు.)

సరే, డాలుకు రెండు ఇద్దాం అన్నాం. గొడ్డలివాడి లెక్క 7 × 10/36కి, అంటే 1.94కి పడిపోయింది. కత్తివాడు పది వంతులు దాటినా నిలిచాడు. ఈసారి అందరూ డాలే పట్టారు. ఒకటిస్తే చాలదు, రెండిస్తే ఎక్కువ. మధ్యలో ఇంకో అంకె లేదు. దెబ్బ అంకెల్ని అటూ ఇటూ మారుస్తూ వారం గడిపినా ఫలితం లేదు. గొడ్డలిని తగ్గిస్తే అది పొడుగు కత్తి అయిపోతుంది, కత్తిని పెంచితే బాకుకు చోటు ఉండదు.

అప్పుడు అర్థమైంది, తేడా వెతకాల్సింది దెబ్బలో కాదని. గొడ్డలికీ కత్తికీ అసలు తేడా అవి చేతుల్ని ఎంతసేపు, ఎన్నింటిని పట్టి ఉంచుతాయన్నదే.

చువ్వ, కర్ర, ఇసుకమూట

ఏ ఆయుధం ఎంత నెమ్మదో ఊహించి రాయడం ఇష్టంలేక నమూనాలు కట్టాం. ఇవి కొట్టుకోవడానికి కాదు. పట్టి చూడటానికి, తూచడానికి మాత్రమే. చుట్టూ రెండు బారల మేర ఎవరూ లేకుండా చూసుకోవాలి, కొన గుడ్డతో చుట్టాలి.

కత్తికి 12 ఎం.ఎం. ఇనుప చువ్వ 90 సెంటీమీటర్లు. చువ్వ బరువు తేల్చడానికి మేస్త్రీలు వాడే లెక్కే వాడాం: మందాన్ని మందంతో గుణించి 162తో భాగిస్తే మీటరుకు కిలోలు వస్తాయి. 144ని 162తో భాగిస్తే 0.89, అంటే 90 సెంటీమీటర్లకు 0.8 కిలో. పిడి దగ్గర 300 గ్రాముల నట్లు గుడ్డలో కట్టి చుట్టాం. మొత్తం 1.1 కిలో. ఒక చేత్తో వాడే నిజమైన కత్తులు చాలావరకు ఈ బరువుకు అటూ ఇటూగానే ఉంటాయి. సినిమాల్లో చూపించే అయిదారు కిలోల ఖడ్గాన్ని యుద్ధంలో ఎవరూ తిప్పలేదు.

గొడ్డలికి మీటరు పొడవు కర్ర, 700 గ్రాములు. 95 సెంటీమీటర్ల దగ్గర 1.2 కిలోల ఇసుకమూట. మొత్తం 1.9 కిలోలు.

రెంటినీ వేలి మీద నిలబెడితే తేడా కంటికే కనిపిస్తుంది. చువ్వ పిడి చివరి నుంచి 35 సెంటీమీటర్ల దగ్గర సమంగా నిలుస్తుంది. గొడ్డలి 78 దగ్గర నిలుస్తుంది. బరువు రెండింతలు కూడా లేదు. కానీ తిప్పడానికి పట్టే కష్టం బరువును బట్టి మాత్రమే కాక, ఆ బరువు చేతికి ఎంత దూరాన ఉందో దాని వర్గాన్ని బట్టి పెరుగుతుంది. చివర పట్టుకుని తిప్పితే చువ్వకు ఆ లెక్క (కిలోగ్రాములు × మీటర్ల వర్గం) 0.22, గొడ్డలికి 1.32. ఆరింతలు. రెండు చేతులు పెట్టినా గొడ్డలి నెమ్మదే. ఒకసారి విసిరాక వెనక్కి తెచ్చుకోవడం ఇంకా నెమ్మది.

ఇక్కడే కర్రసాము చూసినవాళ్లకు ఒక సంగతి తడుతుంది. కర్రను ఎప్పుడూ చివరే పట్టరు, చెయ్యి జారుతూ ఉంటుంది. గొడ్డలి కర్రను సగంలో పట్టి తిప్పితే ఆ 1.32 కాస్తా 0.30కి దిగుతుంది, నాలుగో వంతు కంటే తక్కువ. దెబ్బ తగ్గుతుంది, చురుకు పెరుగుతుంది. దీన్ని "కురచ పట్టు" అని నియమాల్లో పెట్టాం. దాని సంగతి గుడారం దగ్గర వస్తుంది.

బల్లేనికి 2.1 మీటర్ల వెదురు. దాన్ని పక్కకు తిప్పితే గొడ్డలిలాగే బరువనిపిస్తుంది. ముందుకు పొడిస్తే తిప్పుడు లేదు, కిలోంపావు లోపు బరువును తోయడమే. అందుకే బల్లెం పోటు త్వరగా, వేటు నెమ్మదిగా ఉండాలి. రెండిటికీ ఒకే విలువ ఇచ్చే ఆటల్లో బల్లెం ఎందుకూ కొరగాకుండా పోవడానికి కారణం ఇదేనని మా అభిప్రాయం.

రెండో కూర్పు: వంతుకు నాలుగు చింతపిక్కలు

వంతును నాలుగు "అదనులు"గా కోశాం. వంతంటే ఆరు సెకన్లు అనుకుంటే ఒక్కో అదను సెకనున్నర. ప్రతి ఆటగాడి ముందూ నాలుగు చింతపిక్కలు ఉంటాయి, వాడిన అదనుకల్లా ఒక పిక్క అవతలికి జరుపుతాడు. గవ్వలతో కూడా ప్రయత్నించాం కానీ అవి బల్ల మీద దొర్లిపోతున్నాయి. అరగదీసిన పిక్కలైతే కదలవు.

బాకు పోటు 1 అదను, కత్తి వేటు 2, బల్లెం పోటు 2, గొడ్డలి వేటు 3. ఒక గడి నడవడం 1. గడి అంటే నాలుగు అడుగులు.

మొదటి సాయంత్రానికే బాకు అందర్నీ చంపేసింది. వంతుకు నాలుగు పోట్లు, 4 × 3.5 × 21/36, అంటే 8.17. కత్తి రెండు వేట్లతో 5.25. గొడ్డలి 4.08. అదనులు పెట్టే ప్రతి ఆటా పడే గొయ్యి ఇది: ఆయుధం చిన్నదయ్యేకొద్దీ వేట్ల సంఖ్య దెబ్బ కంటే వేగంగా పెరుగుతుంది.

కవచం సరిచేస్తుందనుకున్నాం. కవచం ప్రతి దెబ్బలోంచీ 2 తీసేస్తే బాకు సగటు 3.5 నుంచి 1.67కి పడిపోతుంది, కత్తిది 4.5 నుంచి 2.5కి, గొడ్డలిది 7 నుంచి 5కి. అయినా నాలుగు పోట్ల బాకు 3.89 దగ్గర పైనే ఉంది. కత్తి, గొడ్డలి రెండూ 2.92.

పని చేసింది ఇంకో నియమం. ఒకే వంతులో రెండో వేటుకు ఎదుటివాడి అడ్డు ఒకటి పెరుగుతుంది, మూడోదానికి రెండు, నాలుగోదానికి మూడు. మొదటి పోటు ఎటునుంచి వచ్చిందో ఎదుటివాడు చూశాడు కనుక, కొట్టేవాడు చెయ్యి పూర్తిగా వెనక్కి రాకుండానే మళ్లీ వేస్తున్నాడు కనుక. ఇప్పుడు బాకు నాలుగు పోట్లకు జతలు 21, 15, 10, 6. మొత్తం 52/36. కత్తి రెండు వేట్లకు 21, 15. కలిపితే సరిగ్గా 36/36, అంటే వంతుకు సగటున ఒక్క వేటు తగులుతుంది. గొడ్డలికి 21/36.

వచ్చిన అంకెలివి:

కవచం లేని ఒంటి మీద: బాకు 5.06, కత్తి 4.50, గొడ్డలి 4.08.
కవచం 2 మీద: బాకు 2.41, కత్తి 2.50, గొడ్డలి 2.92.
కవచం 3 మీద: బాకు 1.44, కత్తి 1.67, గొడ్డలి 2.35.

వరస పూర్తిగా తిరగబడింది. ఉత్త ఒంటికి బాకు, ఇనుప తొడుగుకు గొడ్డలి, ఏమొస్తుందో తెలియని దారికి కత్తి. ఒక్క దెబ్బ అంకె కూడా మార్చకుండా ఇది వచ్చింది. ఈ పట్టిక వచ్చిన రోజు ఇంకే పనీ చేయలేదు. 36 జతలూ మళ్లీ మళ్లీ కూడి సరిచూసుకున్నాం.

గుంపు మీద పోరులో కత్తికి ఇంకో లాభం బయటపడింది. 4 ప్రాణం ఉన్న చిల్లర సైనికుల మీద గొడ్డలి తగిలిందంటే నూటికి 92 సార్లు చావే. కానీ వంతుకు ఒక్కడే, అదీ తగిలితేనే. మొత్తమ్మీద వంతుకు 0.53 మంది. కత్తి తగిలితే మూడింట రెండుసార్లు చంపుతుంది, వంతుకు సగటున ఒక వేటు తగులుతుంది కనుక 0.67. సగం గాయపడ్డవాళ్లను లెక్కలోకి తీసుకుంటే ఇంకాస్త ఎక్కువ. గొడ్డలి దెబ్బలో మిగులు వృథా పోతుంది.

రెండు చేతుల్లో రెండు బాకులు పట్టినవాడు వెంటనే సందు వెతుక్కున్నాడు. కుడిచెయ్యి లెక్క వేరు, ఎడమచెయ్యి లెక్క వేరు అంటూ 21, 21, 15, 15 తీసుకున్నాడు. అంటే రెండు పోట్లు, 7 ప్రాణం. దీనికి విరుగుడుగా ఎడమచేతి వరుసను ఒకటి ఎక్కువతో మొదలుపెట్టాం: కుడి 21, 15, ఎడమ 15, 10. మొత్తం 61/36, 5.93. ఒంటి బాకు కంటే నూటికి పదిహేడు ఎక్కువ. దానికి ధర, డాలు లేదు, ఖాళీ చెయ్యి లేదు. కుడిచేతి కత్తి, ఎడమచేతి బాకు జత మాకు ముచ్చటగా కుదిరింది: ఒక కత్తి వేటు, రెండు బాకు పోట్లు కలిపితే 5.06. ఒంటి బాకు నాలుగు పోట్లతో సరిగ్గా సమానం, 182/36. కానీ కవచం 2 మీద ఇది 2.62, బాకు 2.41.

ఈ కలిపివేతలు ఆటగాళ్లు మర్చిపోతున్నారు. నోటితో గుర్తుచేస్తే గొడవ. ఆయుధం అట్ట మీదే గడులు అచ్చువేశాం. బాకుకు నాలుగు గడులు, వాటిలో 0, 1, 2, 3. కత్తికి రెండు, 0, 1. ఎడమచేతి అట్టకు 1, 2. పిక్క ఏ గడిలో పెడితే ఆ అంకె ఎదుటివాడి అడ్డుకు కలుస్తుంది. అప్పటినుంచి తప్పులు దాదాపు లేవు.

మిగిలిన అదను తర్వాతి వంతుకు దాచుకోవచ్చా అని అడిగినవాళ్లున్నారు. కూడదు. దాచనిస్తే గొడ్డలివాడు మూడు వంతుల పన్నెండు అదనుల్లో నాలుగు వేట్లు వేస్తాడు, 4.08 కాస్తా 5.44 అవుతుంది. పై పట్టిక మొత్తం కూలిపోతుంది.

మూడో కూర్పు: డాలు ఎత్తడానికీ ఒక పిక్క

డాలు చిక్కు ఇంకా అలాగే ఉంది. ఇప్పుడు కత్తివాడు వంతుకు రెండు వేట్లు వేస్తున్నాడు కనుక, డాలు ఊరికే ఒకటి ఇచ్చినా గొడ్డలివాడికి దారి లేదు: కత్తివాడు 4.50 ఇస్తాడు, 2.92 తీసుకుంటాడు.

డాలు భుజాన ఉన్నంత మాత్రాన అడ్డం కాదు, ఎత్తితేనే అడ్డం. కాబట్టి ఎత్తడానికి 1 అదను. ఎత్తితే తన తర్వాతి వంతు వచ్చేదాకా నిలుస్తుంది. అది పోతే మూడు అదనులు, ఒక్క వేటు. "ఇదేటి గురూ, డాలెత్తితే కత్తి దించీసినట్టేనా?" అని మొదటిసారే అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనది. అడ్డుకు ఒకటే కలిపితే నిజంగా దించేసినట్టే. ఇచ్చింది 2.63, తీసుకున్నది 2.92. ఎత్తకుండా ఉంటే 4.50, 4.08. ఎత్తేవాడు తెలివితక్కువవాడవుతాడు.

రెండిచ్చాం. మొదటి కూర్పులో ఎక్కువైపోయిన ఆ రెండే, ఒక పిక్క ధర పెట్టేసరికి సరిపోయింది. ఇచ్చింది భాగించు తీసుకున్నది అని లెక్కేస్తే: కవచం లేనిచోట 2.63ని 1.94తో భాగిస్తే 1.35, కత్తీ డాలూ పైచేయి. ఇద్దరికీ కవచం 2 ఉంటే 1.46, 1.39, అంటే 1.05, దాదాపు సమానం. కవచం 3 అయితే 0.87, గొడ్డలి పైచేయి.

ఇక మిగులు పిక్కలు. గొడ్డలివాడికి మూడు పోగా ఒకటి మిగులుతోంది, కత్తివాడికి డాలు, వేటు పోగా ఒకటి. గొడ్డలి కింది కొనను డాలు అంచుకు తగిలించి కిందికి లాగే "లాగుడు" పెట్టాం: 1 అదను, అడ్డు 7. గెలిస్తే వెంటనే వేసే వేటుకు డాలు లేనట్టే. ఇది ఘోరంగా తప్పింది. గొడ్డలివాడి 1.94 ఒక్కసారిగా 3.19 అయింది, డాలుకు అర్థమే పోయింది. లాగుడు డాలు విలువను రెండు నుంచి ఒకటికి మాత్రమే దించేలా మార్చితే 2.51 వచ్చింది. కత్తివాడి మిగులు పిక్కకు "నెట్టు" ఇచ్చాం: డాలుతో ఒక గడి వెనక్కి తోయడం, అదీ 7కే. తోస్తే గొడ్డలివాడు మళ్లీ దగ్గరికి రావడానికి ఒక అదను పెట్టాలి, ఇక లాగుడుకు మిగలదు. రెండూ కలిపి లెక్కేస్తే కవచం లేనిచోట 1.20, కవచం 2కి 0.94, కవచం 3కి 0.77. ఏ పోరూ ముందే తేలిపోవడం లేదు, ఎవరికి వాళ్లు చేసే పని ఉంది. ఈ అంకెల దగ్గర ఆగాం.

బల్లెం, వెనకడుగు

బల్లేనికి రెండు గడుల అందు. దెబ్బ కత్తిదే. ఎవరైనా దగ్గరికి అడుగు వేస్తే, తన వంతులో ఒక అదను మిగిల్చుకున్న బల్లెంవాడు "ఎదురుపోటు" పొడవచ్చు. దాచుకోవడం కూడదన్న నియమానికి ఇదొక్కటే మినహాయింపు.

ఆడగానే తెలిసింది: పొడువు, ఒక గడి వెనక్కి జరుగు, ఒక పిక్క ఉంచు. కత్తివాడు అడుగేస్తాడు, ఎదురుపోటు తింటాడు, ఒక్క వేటు వేస్తాడు. మళ్లీ అదే. బల్లెం 42/36 × 4.5, అంటే 5.25. కత్తి 2.63. సరిగ్గా రెండింతలు.

కొత్త నియమం ఏదీ అక్కర్లేకపోయింది. ఎదురుపోటు కూడా ఆ వంతులో రెండో పోటే కదా, కాబట్టి అడ్డు ఒకటి పెరగాలి. 5.25 కాస్తా 4.50 అయింది. డాలు ఉన్నవాడు ముందు డాలెత్తి (1), అడుగేసి (1), వేస్తే (2) నాలుగూ సరిపోతాయి. అప్పుడు ఎదురుపోటుకు అడ్డు 10, బల్లెంవాడి సొంత పోటుకు 9. జతలు 6, 10. మొత్తం 16/36, అంటే 2.00. కత్తివాడు ఇచ్చేది 2.63. డాలు లేని కత్తి మైదానంలో బల్లెం చేతిలో ఓడుతుంది, డాలున్న కత్తి బల్లేన్ని గెలుస్తుంది. గొడ్డలి అడుగేసి వేస్తే 4.08, కవచం లేకపోతే బల్లెం కొంచెం పైన, కవచం 2 ఉంటే గొడ్డలి 2.92, బల్లెం 2.50.

బల్లేనికి అసలు శత్రువు గోడ. ఎదుటివాడు ఆనుకుని ఉంటే పోటుకు అడ్డు రెండు పెరుగుతుంది. వెనక్కి జరగడానికి చోటు లేకపోతే రెండు పోట్లకూ కలిపి 10, 6 జతలే, అంటే మళ్లీ 2.00. ఎదుటి కత్తి 4.50. అందుకని పరీక్ష పటాలు గీసేటప్పుడు ఒక్క మైదానం సరిపోదు. మూడు గీశాం: పది గడుల తోట, మూడు గడుల వెడల్పు కోటవాకిలి, మూడు బై మూడు గుడారం.

గుడారం

1757 జనవరి 24న బొబ్బిలి కోట పడింది. ఆ తర్వాత తాండ్ర పాపారాయుడు రాత్రిపూట విజయనగరం రాజు విజయరామరాజు గుడారంలోకి చొరబడి ఆయన్ను చంపిన సంగతి ఈ ప్రాంతంలో చిన్నపిల్లలకూ తెలుసు. కోట ముందు ఫిరంగులు తేల్చిన లెక్క ఒకటి, గుడారంలో చేతి పొడవు ఆయుధం తేల్చినది ఇంకొకటి. ఆట పటాల్లో గుడారం తప్పనిసరి అనుకున్నది అందుకే.

గుడారంలో గొడ్డలి నిడుపాటి వేటుకు చోటు లేదు, బల్లెం రెండు గడుల అందు పనికిరాదు. వాటికి ముందు చెప్పిన కురచ పట్టు: 2 అదనులు, దెబ్బ కత్తిది, అడ్డు ఒకటి ఎక్కువ. జతలు 15, 10, అంటే 3.13. రెండు చేతులూ ఆయుధం మీదే ఉంటే పట్టు మార్చడానికి పిక్క అక్కర్లేదు, చెయ్యి జారితే చాలు. అడ్డు పెంచకుండా వదిలేస్తే గొడ్డలివాడికి కత్తి ఉచితంగా వచ్చినట్టవుతుంది. మొదట అలాగే రాసి నాలుక్కరుచుకున్నాం. బాకు 5.06, కత్తి 4.50, కురచ గొడ్డలి 3.13. ఇది గుడారం వరస.

ఒర, వీపు, నేల

తీయడం, పెట్టడం. నడుము ఒరలోంచి కత్తి 1, బాకు 1, వీపున ఉన్న గొడ్డలి 2. ఒరలో తిరిగి పెట్టడం 2, ఎందుకంటే కొనకు దారి చూసుకోవాలి. చేతిలోది నేల మీద వదిలేయడానికి ఏమీ అక్కర్లేదు. డాలు పట్టీలు తొడుక్కోవడానికి 3, విదిలించడానికి 1.

ఆకస్మిక దాడిలో దీని ప్రభావం స్పష్టం. గొడ్డలివాడు తీయడంతోనే సగం వంతు పోతుంది, ఆ వంతులో నిడుపాటి వేటు లేదు. కత్తివాడు తీసి, డాలెత్తి, ఒక వేటు వేస్తాడు. బాకువాడు తీసి మూడు పోట్లు పొడుస్తాడు: 46/36 × 3.5, అంటే 4.47. రాత్రి కావలికి గొడ్డలి తీసుకెళ్లేవాడు దాన్ని చేతిలోనే పట్టుకుని తిరగాలి. పట్టుకుని తిరిగితే కాగడాకు చెయ్యి లేదు.

వదిలేయడం ఉచితం కనుక ఒరలో పెట్టేవాడే లేకుండా పోయాడు. ఒక్కొక్కరు నడుముకు నాలుగు కత్తులు కట్టుకుని ఒకటి పారేసి ఒకటి తీస్తున్నారు. బరువు లెక్క పెడదామని ఒక ప్రతిపాదన వచ్చింది, కాదన్నాం. బల్ల దగ్గర కిలోలు కూడుతూ కూర్చుంటే ఆట చస్తుంది. దాని బదులు చోట్లు పెట్టాం: ఎడమ నడుము, కుడి నడుము, వీపు, మొలలో బాకు. చోటుకు ఒక్కటే. వదిలిన ఆయుధం ఆ గడిలోనే ఉంటుంది. ఎవరైనా 1 అదనుతో దాన్ని పక్క గడిలోకి తన్నవచ్చు. తన్నే నియమం వచ్చాక పారేసే అలవాటు తగ్గింది.

విల్లుకు అమ్ము తీసి సంధించడం 1, లాగి వదలడం 1. దెబ్బ ఒక పాచిక. లాగి పట్టి ఉంచడం మొదట ఉచితమే ఇచ్చాం, విలుకాడు గంటలకొద్దీ గురిపెట్టి నిలబడ్డాడు. బలమైన యుద్ధపు విల్లును నిండా లాగి కొన్ని సెకన్లకు మించి ఎవరూ పట్టలేరు. ఇప్పుడు మరుసటి వంతుకు ఒక పిక్క, ఆ పై వంతుకు తప్పక దించాలి.

వత్తి తుపాకీని ప్రస్తుతానికి బయటే ఉంచాం. మందు పోయడం, గుండు వేయడం, కడ్డీతో దట్టించడం, నిప్పంటించే చెవిలో మందు పెట్టడం, వత్తి సరిచూసుకోవడం, అన్నీ కలిపి మంచి చేతికి కూడా అరనిమిషం. మన లెక్కలో ఇరవై అదనులు, అయిదు వంతులు. ఆటగాడు అయిదు వంతులు ఊరికే కూర్చోకూడదు, అలాగని దాన్ని మూడు అదనులకు కుదించడం అబద్ధం. ప్రతి పనికీ ఒక పిక్క గడి ఉండే పొడుగాటి అట్ట గీసి, మధ్యలో ఆపి కత్తి దూసుకునే వీలుతో వచ్చే ఆదివారం కోటవాకిలి పటం మీద పెడుతున్నాం. కడ్డీ తుపాకీలోనే ఉండగా పేల్చితే కడ్డీ ఎవరి గడిలో పడుతుందన్నదే ఇంకా తేలలేదు.